పెర్సీ మేకు

పెర్సీ ట్రెంబాత్ తన్నిన బంతి యర్రా నది దాటి, అవతలి ఒడ్డున మేస్తున్న ఆవు కొమ్ముకు గుచ్చుకుంది. ఈ కళ్లతోనే చూశాను.

ఆ శనివారం మధ్యాహ్నం దాకా పెర్సీ తోళ్ల కార్ఖానాలో గొర్రెతోళ్ల ఉన్ని గీకాడు. సున్నంతో తెల్లబారిన చేతులైనా కడుక్కోకుండా మా జట్టు పాకకు వచ్చాడు. పందొమ్మిది వందల పదిహేనులో యుద్ధానికి వెళ్లాడు. ఫ్రాన్సు కందకాల చలి కుడికాలి మూడు వేళ్లు తినేసింది. నాలుగేళ్ల తర్వాత ఇదే మొదటి ఆట. ఇవాళ ఆడలేకపోతే పేరు కొట్టేస్తానని కెప్టెన్ డఫ్ ముందే చెప్పాడు.

అతని ఆట బూట్లు పాక గోడకున్న అతని మేకుకే ఉన్నాయి. నాలుగేళ్లూ ఆ మేకుకు ఎవరూ కోటు కూడా తగిలించలేదు. జట్టు బూట్ల అడుగున, జారకుండా తోలు బిళ్లలు కొట్టే పని నాది. తోలు పగలకుండా ప్రతి శనివారం గొర్రె కొవ్వు పూశాను.

పెర్సీ తొడుక్కుని నాలుగడుగులు వేశాడు. బూట్లు వెనకే ఉండిపోయాయి.

"ఒరేయ్ బార్నీ, బూట్లకు కొవ్వు పూశావా, పందుల్ని మేపావా?"

"వారానికోసారేరా!"

"పూసి పూసి పడవలు చేశావు గదరా!"

డఫ్ పెదవి విరిచాడు. "కూర్చోవోయ్ పెర్సీ. ఇంకొకణ్ణి దింపుతాను."

పెర్సీ జేబులోంచి పొద్దుట గీకిన ఉన్ని తీసి, రెండు బూట్లలోనూ కూరాడు. "దిగేది నేనే."

ఆట చివరి దాకా బంతి అతని చేతికి చిక్కనేలేదు. చివరి నిమిషంలో గాల్లోకి లేచి పట్టుకున్నాడు. మా ఫుట్‌బాల్‌లో అలా పట్టినవాడు ఎవరి అడ్డూ లేకుండా గోలుకు తన్నొచ్చు. మడమతో నేల తవ్వి, మట్టిగుట్ట మీద బంతి నిలబెట్టాడు.

"నేల మీద పెట్టి తన్నుతాడట, తాతల నాటి తన్నురోయ్!" అని అవతలి జట్టు నవ్వింది.

తన్నాడు. నది, ఆవు అన్నానే, అదంతా అబద్ధం. బంతి వంకరగా ఎగిరి, నిలువు కర్రల మధ్య నుంచి దూరి, మూడు గజాల అవతల బురదలో పడింది. అంపైరు గోలని రెండు జెండాలూ ఊపాడు.

డఫ్ పేరు కొట్టకుండానే పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. "వచ్చే శనివారం రా. చేతులు కడుక్కుని రా."

మరో రెండేళ్లు ఆడాడు. ఆ తర్వాత యుద్ధం నుంచి వచ్చినవాళ్లకు సర్కారు ఇచ్చిన భూమిలో గోధుమ వేయడానికి మాలీ అనే ఎండు బయళ్ల వైపు వెళ్లిపోయాడు. వెళ్లేరోజు పాక గుమ్మంలో ఆగి, "బూట్లు ఉండనీరా బార్నీ. కొవ్వు మాత్రం పూయకు" అన్నాడు.

అన్నట్టు, ఆ మేకుకు ఎవరూ కోటు తగిలించలేదన్నది నా కల్పనే. వాన పడ్డప్పుడల్లా నా తడికోటు దానికే వేలాడేది. ఇప్పుడు మాత్రం తగిలించను. కుడి బూటు మొనలో ఆ ఉన్ని ముద్ద ఇంకా అలాగే ఉంది.