సానరాయి మీద అరిగిన రూక

ధనుంజయా, నువ్వు దొంగవి. బంగారం దుకాణంలో అద్దాల బల్ల వెనక కూర్చుని, నుదుట గంధం పెట్టుకుని, వచ్చినవాళ్లకి చల్లటి నీళ్లిచ్చే దొంగవి. నువ్వొక్కడివే అయితే ఇంత గొంతు చించుకునేదాన్ని కాదు. నీ దగ్గర పాత నాణేలు కొని, మఖమల్ పెట్టెల్లో పేర్చుకుని, "ఇది ఎవరింటిదయ్యా?" అని ఒక్కసారీ అడగని పెద్దమనుషులందరూ ఈ దొంగతనంలో నీ వాటాదార్లే.

నేను ఒక బంగారు రూకను. కందిబద్దంత ఉంటాను. అరచేతిలో పెట్టుకుని తుమ్మితే ఎగిరిపోతాను. ఇంత చిన్నదానికి ఇంత కోపమేమిటని నవ్వకండి. ముందు వినండి.

నన్ను చేసింది ఒక పాళెగాడి టంకసాలలో. గుట్ట మీద చిన్న కోట, కింద కొన్ని పల్లెలు, అదే అతని రాజ్యం. అంతమాత్రానికే తన పేరున నాణెం ఉండాలన్నాడు. కరిగిన బంగారాన్ని చుక్కలుగా పోసి, ఒక్కో చుక్కనీ రెండు అచ్చుల మధ్య ఇరికించి సుత్తితో ఒక దెబ్బ వేశారు. నాకు ఒక పక్క ఏనుగు పడింది. ఇంకో పక్క అతని పేరులోని రెండక్షరాలు పడ్డాయి. పేరు మొత్తం పట్టేంత ఒళ్లు నాకు లేదు. మనుషులకి ఇదో పిచ్చి, రాయి దొరికితే రాయి మీద, రేకు దొరికితే రేకు మీద పేరు చెక్కుకుంటారు. తర్వాత కోట కూలింది. వంశం ఎటు పోయిందో తెలీదు. ఆ రెండక్షరాలు మాత్రం నా ఒంటి మీద మిగిలాయి.

చాలాకాలం సిపాయిల మొలల్లో తిరిగాను. ఉప్పు బేరగాళ్ల సంచుల్లో పడుకున్నాను. దారిదోపిడికి భయపడి నన్ను నోట్లో దాచుకుని మింగేసినవాడు కూడా ఉన్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో నేను చెప్పను. అట్లా చేతులు మారి మారి నల్లగుట్లపల్లెలో ఒక భూస్వామి ఇంటికి చేరాను.

ఆ ఇంటి కోడలికి బిడ్డ అడ్డం తిరిగింది. ఊరి బయటి వాడ నుంచి మంత్రసానిని పిలిపించారు. ఆమె ఆ గడప తొక్కకూడని మనిషి, ఆరోజు మాత్రం తొక్కనిచ్చారు. తల్లీ బిడ్డా దక్కారు. ఇంటి పెద్దావిడ తన ముడుపులోంచి నన్ను తీసి, చెయ్యి తగలకుండా పైనుంచి మంత్రసాని కొంగులో పడేసింది. ఆమె వీధి మలుపు తిరక్కముందే పెద్దావిడ గడప కడిగించింది. కడిగించుకోనీ. నేను ఆ మంత్రసాని కష్టార్జితాన్ని. ఈ ముక్క గుర్తుంచుకోండి, తగువంతా దీని మీదే.

ఆమె నన్ను అమ్ముకోలేదు. "పెద్దింటి పిల్లోళ్లకి బంగారం నాకిస్తారంట. మన పిల్లోళ్లకేం తక్కువ?" అంది. అప్పటినుంచి వాడలో ఏ బిడ్డ పుట్టినా సానరాయి మీద వసకొమ్ముతో పాటు నన్నూ రుద్ది, తల్లిపాలతో కలిపి, ఆ గంధాన్ని బిడ్డ నాలుకకు రాసేవాళ్లు. మాట చక్కగా వస్తుందని నమ్మకం. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి, సానరాయితో పాటే నేనూ చేరుతూ వచ్చాను. ప్రతి కాన్పుకీ పిసరంత అరిగాను. ముందు ఏనుగు దంతం పోయింది, తర్వాత కాళ్లు పోయాయి, తర్వాత ఏనుగే పోయింది. నాకు బాధ అనిపించలేదు. ఇంకొకరి పెట్టెలో పడి తళతళలాడే నా తోటి రూకలకి ఏం దక్కింది? నా బంగారం చెరువు మట్టి మోసినవాళ్ల ఒంట్లో ఉంది. కూలి పెంచమని పొలం గట్టు మీద నిలబడి అరిచినవాళ్ల నాలుక మీద ఉంది.

ఆ వరసలో చివరి మంత్రసాని సుంకులమ్మ. ఇప్పుడు కాన్పులన్నీ ఆస్పత్రిలోనే. పసిబిడ్డకి ఇట్లాంటివి నాకించొద్దని నర్సు చెబితే సుంకులమ్మ మొండికెయ్యలేదు. "నాకియ్యకుంటే పోనీలేమ్మా, నుదుటికి తాకిస్తే సాలు," అంది. దాంతో నా అరుగుదల ఆగింది. ఏనుగు పక్క నున్నగా అయిపోయినా, ఇంకో పక్క రెండక్షరాలూ పల్చగా నిలిచే ఉన్నాయి.

అప్పుడొచ్చాడు ధనుంజయ, మోటారు సైకిల్ మీద, పాత నాణేలు కొంటానని వాడవాడా అరుచుకుంటూ. సుంకులమ్మ నన్ను అమ్మాలనుకోలేదు. చూపించమంటే చూపించింది, అంతే. అతను భూతద్దం కంటికి ఆనించాడు. అద్దం వెనక ఆ కన్ను ఎంత పెద్దదైందో నేను చూశాను. అక్షరాలు కనబడ్డాయి. పేరు కనబడే పాత నాణేనికి తూకం కంటే ఎన్నో రెట్లు పలుకుతుందని అతనికి తెలుసు. అయినా పెదవి విరిచాడు. అదీ వీళ్ల విద్య.

"ఏమవ్వా, ఇది బంగారమేనా? ఇత్తడి మాదిరి ఉందే!"

సుంకులమ్మకి రోషం పొడుచుకొచ్చింది. "ఇత్తడా? మా అవ్వల జేజిల కాలం నుంచి పిల్లోళ్ల నాలిక్కి పెట్టింది ఇత్తడంటావా? మేయ్ మారెక్కా, ఆ సానరాయి ఎత్తుకురా!"

మారెక్క ఆమె మనవరాలు, నెలలు నిండిన మనిషి. ఒక చేత్తో నడుము పట్టుకుని రాయి తెచ్చి పెట్టింది. సుంకులమ్మ నన్ను రాయికి అదిమి, బొటనవేలి బలమంతా పెట్టి రుద్దింది. అక్షరాలున్న పక్కే రాయికి ఆనింది.

"అయ్యయ్యో, ఆపవ్వా! ఆపు!" ధనుంజయ లేచి నిలబడ్డాడు.

"ఏం, భయపడితివా? సూడు, గీత ఎట్లా పచ్చగా పడిందో. ఇత్తడికి పడ్తాదా ఇట్లా?" సుంకులమ్మ గెలిచినట్టు నవ్వింది.

రాయి మీద పచ్చటి గీత. ఒక పాళెగాడి పేరు లోకంలోంచి పూర్తిగా చెరిగిపోయింది. నోరారా ఒక్క నిజం చెప్పి ఉంటే ఆ పేరు మిగిలేది. ఇత్తడన్న అబద్ధమే ధనుంజయ బేరాన్ని తినేసింది. ఇక నేను అతనికి తూకానికి తప్ప పనికిరాను. అక్కడితో పోయినా బాగుండేది. పోలేదు. గొంతు మార్చాడు.

"అయినా మీ ఇంట్లో బంగారు రూక యాడిదవ్వా? యాడో తవ్వింటారు. భూమిలో దొరికింది దాచుకుంటే కేసు. పోలీసోళ్లొస్తే కడుపుతో ఉందని సూడరు, ముందు నీ మనవరాలినే ఎత్తకపోతారు."

"తవ్వేదేంటికప్పా? కాన్పు చేసినందుకు మా జేజికి ఇచ్చినారు."

"కాగితముందా?"

చెయ్యి తగలకుండా పడేసినవాళ్లు కాగితం రాసిస్తారా! భూమిలో నిధి దొరికితే సర్కారుకి చెప్పాలన్న చట్టం ఉంది, నిజమే. తరతరాలుగా ఇంట్లో ఉన్న కష్టార్జితం నిధి ఎట్లా అవుతుంది? ఈ సంగతి అతనికి తెలుసు. సుంకులమ్మకి తెలియదు. పేదవాళ్ల ఇంట్లో బంగారం కనబడితే దొంగసొత్తే అయ్యుండాలన్న మీ అందరి ఆలోచన ఉందే, అది అతని చేతిలో ఆయుధం. సుంకులమ్మ మారెక్క కడుపు వైపు చూసింది. నన్ను అతని అరచేతిలో పెట్టింది. "సర్కారుకి నేనే కట్టేస్తాలే, నీ పేరు రానియ్యను," అన్నాడు ఉపకారం చేసినట్టు. సర్కారు నా మొహం ఇంతవరకు చూడలేదు.

అదే రోజు దుకాణం వెనక కొలిమి దగ్గర కంసాలి నాగలింగాచారి ముందు పడ్డాను. అతను నన్ను వేలి కొస మీద పెట్టుకుని నవ్వాడు. "ఈ కందిబద్దకి బొగ్గులు తగలెయ్యమంటావా సామీ? ఇంగా కొంచెం తుక్కు చేరనీ, అంతా కలిపి కరిగిస్తా." నా చిన్న ఒళ్లే నాకు గడువిచ్చింది. తెగిన గొలుసులు, విరిగిన కమ్మల మధ్య ధనుంజయ బల్ల కింది సొరుగులో పడి ఉన్నాను.

మారెక్కకి ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రిలో మాటల మధ్య సుంకులమ్మ నా కథ చెబితే, అది నీ సొత్తే, వెళ్లి అడుగు అంది నర్సు. ఈ పొద్దున బిడ్డనెత్తుకున్న మారెక్కని వెంటబెట్టుకుని సుంకులమ్మ దుకాణానికి వచ్చింది.

"నా రూక నాకియ్యి నాయనా. బిడ్డ నుదుటికి తాకిచ్చల్ల."

"యాడుందవ్వా ఇంగ? కరిగిచ్చేసినాం."

"కరిగిచ్చింటే ఆ ముద్దన్నా తాకిచ్చు."

ధనుంజయ ఈ మాట ఊహించలేదు. అద్దం కింద నుంచి మిషను మీద అచ్చేసిన కొత్త లక్ష్మీ బిళ్ల తీశాడు. "ఇదిగో, ఎట్లా మెరుస్తాందో సూడు. దీన్ని తాకిచ్చి, మళ్లా ఇచ్చెయ్."

సుంకులమ్మ దాన్ని ముట్టుకోలేదు. "ఇది మా పిల్లోళ్లను ఎరగదప్పా," అంది.

సొరుగులోకి ఆ మాట స్పష్టంగా వినబడింది. ఇంతమంది పసిపిల్లల నాలుక మీద కరిగినదాన్ని, ఇక్కడున్నానవ్వా అని ఒక్క కేక వెయ్యలేకపోయాను.

ఆమె వెళ్లిపోలేదు. దుకాణం మెట్టు మీద కూర్చుంది, పక్కన మారెక్క, ఒళ్లో బిడ్డ. బంగారం కొనడానికి వస్తున్న మీరు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ఆమెను తప్పుకుని లోపలికి నడుస్తున్నారు. మీకే చెబుతున్నాను. బల్ల దగ్గరికి వెళ్లి ఆ కింది సొరుగు తెరవమనండి. తెరిచేదాకా ఒక్కరూ ఒక్క గురిగింజెత్తు కూడా కొనకండి. నన్ను బయటికి తీసి సుంకులమ్మ చేతికివ్వండి, ఈసారి చేతికి చెయ్యి తగిలేట్టు ఇవ్వండి. మఖమల్ పెట్టెల పెద్దమనుషులారా, మీరు రేపు వచ్చి మీ నాణేలు ఒక్కోటీ ఎవరింటివో ధనుంజయని నిలదీయండి. అది రేపటి పని. నాగలింగాచారి తుక్కంతా మూసలో పోయడానికి తట్ట పట్టుకుని ఇటే వస్తున్నాడు. ఆపండి అతన్ని!