కాశీలో వదిలిన నిద్రమాత్ర

నేను ఒక అడకత్తెరను. విజయనగరం దగ్గర ఒక కమ్మరి కొలిమిలో పుట్టాను. ఉక్కు రెక్కలు, ఇత్తడి పిడులు, మధ్యన ఒక మర. పైడితల్లమ్మ జాతరలో ఒక ముసలమ్మ నన్ను కొనుక్కుంది. దవడ పళ్ళు పోయి వక్క నమలలేని రోజు రాగానే కొడుకు అప్పలనరసయ్యకు అప్పగించింది.

అప్పలనరసయ్యకు బట్టల దుకాణం ఉండేది. ఆయన పూట భోజనం మానగలడు కాని తాంబూలం మానలేడు. ఇతరుల దురలవాట్ల మీద మాత్రం గంటసేపు చెప్పగలడు, బుగ్గన వక్క పెట్టుకునే. మనుషుల్లో ఇలాంటివాళ్ళను చాలామందిని చూశాను కనుక తప్పు పట్టను.

నా కాపురం తమలపాకుల పెట్టెలో. పై అరలో ఆకులు, వక్కలు, సున్నపు డబ్బీ, నేను. కింది అర ఆయన ఎన్నడూ తెరవడు. ఆకులు తుడిచి, ఈనెలు తీసి, చిలకలు చుట్టేది ఆయన భార్య వరహాలమ్మ. అందుకే ఆ పెట్టె సంగతులు ఆయనకన్నా ఆవిడకే తెలుసు, ఆవిడ సంగతులు నాకు తెలుసు.

చెల్లెలు పోయిన ఏడాది వరహాలమ్మకు నిద్ర కరువైంది. కన్ను మూస్తే గుండె దడ. డాక్టరు రెండు వారాలకని మాత్రలు రాశాడు. ఆ చీటీ చూపిస్తే మందుల దుకాణంలో మళ్ళీ ఇచ్చారు, ఆ తరవాత చీటీ కూడా అడగలేదు. సగం మాత్ర ఒకటైంది, ఒకటి రెండయింది. అట్టలు కింది అరలోకి చేరాయి. ఆవిడ మాత్రను కళ్ళకద్దుకుని మింగేది. తీర్థానికి చేసే మర్యాదే దానికీ చేసింది, పాపం.

పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. చిన్ననాటి నుంచి కంఠతా వచ్చిన సహస్రనామం మధ్యలో ఆగిపోయింది. పెరట్లో తూలి పడితే, “వయసు మీద పడుతోందిలే,” అన్నాడు ఆయన. వయసుకు నోరుంటే ఎదురు తిరిగేది.

సరిగ్గా అప్పుడే కాశీ ప్రయాణం కుదిరింది. తాంబూలం లేనిదే ఆయన కదలడు గనుక నేనూ వెళ్ళాను. వరహాలమ్మకు మోకాళ్ళ నొప్పి. గంగ ఒడ్డున ఆయన చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ కూర్చున్నంత పని చేస్తూ దిగింది. స్నానాలయ్యాక అక్కడి తెలుగు పురోహితుడు, “కాశీకి వచ్చినవాళ్ళు ఇష్టమైనదేదైనా వదలాలి బాబూ,” అన్నాడు.

“అయితే కాకరకాయ వదిలేస్తున్నాను,” అన్నాడు అప్పలనరసయ్య గంభీరంగా.

“మీరు కాకరకాయ తిన్నదెప్పుడండీ?” అంది వరహాలమ్మ.

“అందుకేగదే, సులువుగా వదుల్తాను!”

పురోహితుడితో పాటు అందరూ నవ్వారు. వరహాలమ్మ నవ్వలేదు. పొద్దున్నే కింది అర ఖాళీ చేసి తెచ్చుకున్న అట్టలను పూలతో కలిపి దొన్నెలో పెట్టి గంగలో వదిలింది. ఏం వదిలిందో ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ముఖం చూస్తే, ఇంత నిజాయితీగా ఇష్టమైనదాన్ని వదిలినవాళ్ళు ఆ ఒడ్డున ఇంకెవరూ ఉండరనిపించింది.

తిరుగు రైల్లోనే చేతులు వణికాయి. చెమటలు, చిరాకు. ఒక్క కునుకు లేదు. మొక్కుకు పరీక్ష అనుకుని పళ్ళు బిగబట్టింది. ఇంటికి వచ్చాక గంగ సమారాధన పెట్టారు. బంధువుల విస్తళ్ళలో పాయసం వడ్డిస్తూ ఆవిడ ఒక్కసారిగా పడిపోయింది. ఒళ్ళంతా కొట్టుకుంది.

“గంగమ్మ పూనింది!” అని అరిచింది ఆడబడుచు సూరమ్మ. ఎవరో హారతి వెలిగించారు. ఎవరో వేపమండ తెచ్చారు. సూరమ్మ చేతులు జోడించి, “ఏటి కావాలి తల్లీ? చీర పెడతాం, పసుపు పెడతాం, చెప్పు తల్లీ!” అంటోంది.

అప్పలనరసయ్యకు భార్య పెదవుల మీద నెత్తురు కనిపించింది.

“అమ్మవారైతే నాలుక కరుచుకుంటుందేటే? ఆ హారతి ఆర్పి ఆటో పిలవండి!”

వక్క కత్తిరిస్తూ లేచిన మనిషి కంగారులో నన్ను జేబులో వేసుకునే ఆసుపత్రికి వచ్చాడు.

ఫిట్స్ తగ్గి తెలివి వచ్చాక డాక్టరమ్మ అడిగితే వరహాలమ్మ అంతా చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు, కసురుకోలేదు. “వదలాలనుకోవడం మంచిదేనమ్మా. కానీ ఇన్నాళ్ళు వాడాక ఒక్కసారిగా ఆపితే మెదడు తట్టుకోలేదు. ప్రాణం మీదికి వస్తుంది. మళ్ళీ మొదలుపెట్టి, నేను చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గిద్దాం. నెలలు పట్టినా ఫరవాలేదు.”

“కాశీలో వదిలింది మళ్ళీ ముట్టుకోను. చచ్చినా సరే,” అని వరహాలమ్మ గోడవైపు తిరిగింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి. మళ్ళీ ఫిట్స్ రావచ్చని డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది. మాత్ర బల్ల మీదే ఉంది.

అప్పలనరసయ్య స్టూలు మంచం దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

“వరహాలూ, గంగలోకి ఎలా దిగావు? పైమెట్టు మీంచి దూకావా?”

“నా మోకాళ్ళకి దూకడం కూడానా?”

“నా చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దిగావు. ఆలస్యమైందని గంగమ్మ కోప్పడిందా? ఇదీ అంతే.”

“మరి విశ్వనాథుడికి ఏటి చెప్పనండీ?”

“ఇంకా మెట్ల మీదే ఉన్నానని చెప్పు.”

ఆవిడ ఏడ్చింది. తరవాత నీళ్ళు అడిగింది.

భక్తి అంటే ఏమిటో ఇనుప ముక్కకేం తెలుస్తుంది? కానీ బిడ్డ తన తల్లికిచ్చిన మాట కోసం ప్రాణం తీసుకుంటే, ఏ తల్లి అయినా మెచ్చుకుంటుందా అని మాత్రం అనిపిస్తుంది.

అప్పటి నుంచి నాకు కొత్త పని. వేడినీళ్ళతో నా సున్నం మరకలు కడిగి, డాక్టరమ్మ చెప్పిన కొలత ప్రకారం ఆయన మాత్రను నాతో కత్తిరించేవాడు. కొన్నాళ్ళు ముప్పావు, కొన్నాళ్ళు సగం. మాత్రలు ఆయన దగ్గరే ఉండేవి. సగం దగ్గర ఆవిడ తట్టుకోలేకపోయింది. “ఆ రెండో ముక్క కూడా ఇచ్చేయండీ, మీకు పుణ్యముంటుంది,” అని బతిమాలింది. ఇవ్వనంటే ఆయన వంశాన్నంతా తిట్టింది. ఆయన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. “ఇక్కడే కొన్నాళ్ళు ఆగుదాం. ఆగడం ఓడిపోవడం కాదమ్మా,” అందావిడ. మాటలతో వైద్యం చేసే ఒక అమ్మాయి దగ్గరికి కూడా పంపింది. అక్కడ వరహాలమ్మ చెల్లెలి పేరు చెప్పి మొదటిసారి తనివితీరా ఏడ్చిందట. ఆ ఏడుపును మాత్రలు ఇన్నాళ్ళూ ఆపి ఉంచాయి కాబోలు.

సగం పావైంది. పావు నలుసైంది. ఒకరోజు డాక్టరమ్మ ఇక చాలంది. నిద్ర మాత్రం వెంటనే రాలేదు. వచ్చినా కోడికునుకే.

మొన్న సాయంత్రం గుడి మండపంలో పురాణం జరుగుతోంది. పంతులుగారు మంచి ఘట్టంలో ఉన్నారు. వరహాలమ్మ తల మెల్లగా వాలి భర్త భుజం మీద ఆనింది. నోరు కొంచెం తెరుచుకుంది. సన్నగా గురక.

సూరమ్మ తమ్ముణ్ణి మోచేత్తో పొడిచింది. “లేపరా! పురాణంలో నిద్రోతే పాపం.”

“ఆ పాపం నాకు రాయమను. లేపకు.”

కాసేపటికి అలవాటు చొప్పున ఆయన చెయ్యి నేనున్న తాంబూలం సంచిలోకి వచ్చింది. నన్ను తీసి, నా రెక్కల మధ్య వక్క పెట్టాడు. నొక్కబోయి, భుజం వైపు చూసి, నా చప్పుడు గుర్తొచ్చి ఆగాడు. వక్కనూ నన్నూ తిరిగి సంచిలో పెట్టేశాడు.

పురాణం ముగిసి మంగళం పాడేదాకా ఆయన నోరు ఖాళీగా ఉండడం నేను చూడటం అదే మొదలు.