జోలపాటల్లో వానపాములు

మా బాబాయి ప్రచురణ సంస్థ పెద్ద కలగూరగంప. తాళాల చరిత్ర పక్కన ఎముకల జబ్బులు, దాని పక్కన వంతెనల లెక్కలు, పై అరలో కనుమరుగైన లిపులు. అన్నీ పండితులు రాసినవే, అన్నిటి దుమ్మూ తుడిచేది మాత్రం నేనే. సంపాదకురాలిగా చేరిన రోజు నుంచీ "ఏదో ఒక దారి పట్టుకో బాబాయ్" అని పోరుతూనే ఉన్నాను. ఆయన నవ్వి ఊరుకుంటాడు.

ఈసారి నేను పట్టు వదల్లేదు. వానపాముల మీద ఒక మాస్టారు రాసిన పుస్తకం మొదటి భాగం అప్పుడే అచ్చయింది. రెండో భాగం కూడా మనమే వేయాలని ఆయన ఆశ. జీవితమంతా ఆయన చేసిన పని అదొక్కటే.

"మొదటిదే చదివే నాథుడు ఉండడు. రెండోది వేస్తే నేను మానేస్తా" అన్నాను కుండ బద్దలు కొట్టినట్టు.

"సరేనమ్మా, నీ మాటే కానీ. జోలపాటల పుస్తకం ఆవిష్కరణకి ఎలాగూ వస్తాడుగా, అయ్యాక నువ్వే చెప్పెయ్" అన్నాడు బాబాయి.

ఆ సాయంత్రం మా గోదాములోనే కుర్చీలు వేశాం. పాత రచయితలందరూ వచ్చారు. మాస్టారు ముందు వరసలో, ఒళ్లో రెండో భాగం కట్ట పెట్టుకుని కూర్చున్నారు. 

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ఆవిష్కరణ రోజు రచయిత చివరి పేజీ చదవాలి. "మొదటి పేజీ ఎవడైనా రాస్తాడు" అంటాడు బాబాయి. జోలపాటలు సేకరించిన టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని చివరి పేజీ తీశారు.

"వాన వెలిశాక వానపాములు నేలమీదికి ఎందుకొస్తాయి?" అని చదివి ఆగిపోయారు.

జోలపాటలూ, మాస్టారి మొదటి భాగమూ ఒకే సైజు, ఒకేసారి బైండింగుకి వెళ్లాయి. దాని చివరి పేజీల మడత దీనికి కుట్టేశారు. మూలన నిలబడ్డ బైండరు వంక కొరకొరా చూస్తే, అతను పైకప్పు వంక చూస్తున్నాడు. పరుగున ఇంకో కాపీ తెచ్చాను.

"ఉండమ్మా, మా మనవరాలు రోజూ అడిగేది ఇదే" అని టీచరమ్మ మళ్లీ అందుకున్నారు, జోల పాడే గొంతుతోనే. "ఊపిరాడక అని కొందరంటారు. కొత్త చోటికి పోవడానికని కొందరంటారు. ఎన్నో వానల్లో తడుస్తూ చూశాను. నాకు తోచిన కారణం వేరు. అది రెండో భాగంలో చెబుతాను."

అంతటితో పుస్తకం అయిపోయింది.

"అదేంటి, చెప్పకుండా ఆపేస్తే ఎలా?" అన్నాడు ఎముకల డాక్టరు.

"పిల్లకి నేనేం చెప్పను?" అన్నారు టీచరమ్మ. వంతెనల ఇంజనీరయితే ఏకంగా లేచి నిలబడ్డాడు.

మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. తన వాక్యాలు ఇంకొకరు పైకి చదవగా వినడం ఆయనకి అదే మొదటిసారట. ఎవరెంత బతిమాలినా కారణం మాత్రం చెప్పలేదు. ఆ వాక్యాలు అచ్చుతప్పుల కోసం నేనూ చదివినవే. చెవిన పడితే ఇలా ఉంటాయని అనుకోలేదు.

జనం వెళ్లాక ఆయన నా దగ్గరికొచ్చారు. "ఏదో చెప్పాలన్నావటమ్మా?" అన్నారు, కట్టని గుండెకి అదుముకుని.

బాబాయి కుర్చీలు మడుస్తూ నా వంకే చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది, బైండరు మీద, బాబాయి మీద, అన్నిటికంటే ఎక్కువగా ఆ చెప్పని కారణం మీద.

"ఆ కట్ట ఇటివ్వండి. అచ్చుకి పంపాలి" అన్నాను.

మాస్టారు కట్ట నా చేతుల్లో పెట్టారు. "చివరి పేజీ ముందే చూసెయ్యకు తల్లీ" అన్నారు.

నేను అప్పటికే కట్ట తిరగేశాను.