అతుకు మీద గీత

నా ఉద్యోగం గురించి చెబితే చుట్టాలు నవ్వుతారు. పాత విమానాల ఒంటి మీద చిన్న ఇత్తడి సుత్తితో తట్టి, వచ్చే చప్పుడు వినడం నా పని. రేకు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల అతుకు ఊడి ఉంటే బొదబొదమంటుంది. పైన పటారం లోన లొటారం అన్న మాట మా హ్యాంగరులోనే పుట్టి ఉంటుంది. “తట్టినందుకు జీతం కూడా ఇస్తారా?” అని మా ఆడపడుచు ఒకసారి అడిగింది. “నువ్వు పుచ్చకాయ కొనేటప్పుడు తట్టవా? కాకపోతే నీ పుచ్చకాయలో నూట ఇరవై మంది కూర్చోరు” అన్నాను. మళ్లీ అడగలేదు.

ఆ రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి పెద్దవ్వ పక్కన చక్రాల నిచ్చెన మీద ఉన్నాను. పెద్దవ్వ అంటే మా దగ్గరున్న ముప్పై ఒక్కేళ్ల విమానం. అదే నెలలో వచ్చిన దాని జోడుని చిన్నవ్వ అంటాం. పెద్దవ్వ తనిఖీకి వచ్చి మూడు వారాలుగా హ్యాంగరులో పడి ఉంది. చిన్నవ్వ మాత్రం ఇంకా రోజుకు నాలుగు సార్లు ఎగురుతోంది. ఆ రోజు పదకొండు గంటల చిన్నవ్వలో మా అమ్మాయికి డ్యూటీ. ప్రయాణికులకు నీళ్లూ తిండీ అందించి, బెల్టులు పెట్టుకున్నారో లేదో చూసే ఉద్యోగం దానిది. తల్లి తట్టి పంపుతుంది, పిల్ల ఎక్కి తిరుగుతుంది అని హ్యాంగరులో మమ్మల్ని ఏడిపిస్తుంటారు.

పెద్దవ్వ ఎడమ పక్కన, రెక్క వెనక, కిటికీల పైన తడుతున్నాను. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. అలా తట్టడం నాకు మామయ్య నేర్పారు. మామయ్యంటే మా ఆయన తండ్రి. ఇదే హ్యాంగరులో పెద్ద మేస్త్రిగా చేసి, పోయి ఆరేళ్లయింది. నేను తట్టి చెయ్యి దించాను. లోపలినుంచి జవాబు వచ్చింది. రెండు, కాస్త ఆగి ఒకటి.

నాకు ఒళ్లు మండింది. ముసలి విమానం లోపల దూరి పరాచికాలాడే వయసు వాళ్లెవరూ మా షిఫ్టులో లేరు. కిందికి దిగి తలుపు దగ్గరున్న బోర్డు చూశాను. విమానం లోపలికి ఎవరు వెళ్లినా తన నంబరు బిళ్ళ ఆ బోర్డుకి తగిలించి వెళ్లాలి, వచ్చేటప్పుడు తీసుకోవాలి. లోపల మనిషి ఉండగా ఎవరూ ఏ స్విచ్చీ నొక్కకుండా ఉండటానికి ఆ పద్ధతి. బోర్డు మీద ఒక్క బిళ్ళ వేలాడుతోంది. పంతొమ్మిది. అది మామయ్యది.

స్టోరు ఆయన్ని కేకేసి అడిగాను. “పంతొమ్మిదా? అది ఎవరికీ ఇవ్వలేదక్కా. మేస్త్రిగారు పోయినప్పటినుంచీ నా సొరుగులోనే ఉంది” అన్నాడు. సొరుగు లాగి చూసి తల గోక్కున్నాడు. “ఎలకలు లాక్కెళ్లాయేమో.”

“ఎలకలు బిళ్ళ తగిలించి పనిలోకి దిగాయా?” అని కసిరి, నా బిళ్ళ కూడా తగిలించి లోపలికి వెళ్లాను.

సీట్లు తీసేశారు. గోడల మీది పలకలూ తీసేశారు. విమానం పక్కటెముకలు వరసగా బయటికి కనబడుతున్నాయి. ముందునుంచి వెనకదాకా నడిచాను, మరుగుదొడ్డి తలుపులు కూడా తెరిచి చూశాను. మనిషి లేడు. అంతలో మళ్లీ తట్టిన చప్పుడు వచ్చింది. ఈసారి బయటినుంచి, నేను ఇంతకుముందు నిలబడిన చోటునుంచి. కిటికీలోంచి చూస్తే నా నిచ్చెన ఖాళీగా ఉంది. సుత్తి నా చేతిలోనే ఉంది. వెళ్లి ఆ చోట రేకు మీద అరచెయ్యి ఆనించాను. మూడో దెబ్బ నా చేతికి తగిలింది. సిగ్గెందుకు, భయపడ్డాను.

ఫోర్‌మన్‌కి చెబితే, “రేకు వేడెక్కితే టిక్కుటిక్కుమంటుంది. నీకు నేను చెప్పాలా?” అన్నాడు. తలుపులు మూసిన హ్యాంగరులో, పొద్దున్న పదింటికి వేడెక్కడానికి అదేం పొయ్యి మీద పెనం కాదు. నేను పైకెక్కి ఆ చోట రంగు తీయించాను. అక్కడ పై రేకు కింది రేకు మీదికి ఎక్కి ఉంటుంది. ఆ అతుకు అంచు వెంబడి, వెంట్రుక కన్నా సన్నగా, తాడు పట్టి కొట్టినట్టు ఒక గీత బయటపడింది.

పగుళ్లు పట్టే మిషను పెట్టి చూసే మనిషిని మేము పంతులు అంటాం. ఏదైనా మూడుసార్లు దిద్దితే గానీ ఒప్పుకోడు. మూడోసారి కూడా చూసి మిషను పక్కన పెట్టాడు. “గీత అడుగున పగులు. మూర పైనే ఉంది. రేకు మందంలో సగం తినేసింది” అన్నాడు.

ఆ గీత నాది.

చూడగానే తెలిసింది. దాని కథ చెబుతాను. ఇరవయ్యారేళ్ల కిందట, పెళ్లయిన కొత్తలో, నేను మామయ్య చేతి కింద పని నేర్చుకోవడానికి చేరాను. అతుకుల్లో గాలి దూరకుండా సీలెంటు పూస్తారు. కొన్నేళ్లకి అది ఎండిపోతే గీకేసి కొత్తది పూయాలి. గీకడానికి చెక్కబద్ద మాత్రమే వాడాలి, ఇనుము తగలకూడదు. మామయ్య గీకి పూసిన అతుకు ఎంత తిన్నగా ఉండేదంటే, ఆయన్ని అందరూ గీత మేస్త్రి అనేవాళ్లు. నాదేమో కుక్క నాకినట్టు ఉండేది. ఒకరోజు ఆయన పనిముట్ల పెట్టెలో, గుడ్డలో చుట్టిన ఉక్కు కత్తి కనబడింది. ఇదన్నమాట ఈయన రహస్యం, అందరికీ చెక్కబద్ద అని చెప్పి తను మాత్రం దీంతో గీకుతున్నాడు అనుకున్నాను. ఆయన లేనప్పుడు తీసి వాడాను. నా గీత కూడా తిన్నగా వచ్చింది. కోడలు మామని మించిపోయింది అన్నారు. ఆ మాట తేనెలా ఉండేది. రెండేళ్లు ఆ కత్తితోనే గీకాను.

తరవాత ఒక మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మామయ్య మెట్ల మీద కూర్చుని, ఆ కత్తి తీసి, చెక్కబద్ద మొన చెక్కుకుంటున్నారు. పెన్సిలు చెక్కుకున్నట్టు. ఆ కత్తి ఉన్నది అందుకట. అంటే ఆయన అతుకుల మీద ఇనుము పెట్టనే లేదు. కత్తి మళ్లీ ముట్టుకోలేదు. ఎవరికీ చెప్పనూ లేదు. పైన రంగు వేసేశారుగా, ఎవరికి కనబడుతుంది అనుకున్నాను.

విమానం పైకెళ్లినప్పుడల్లా లోపలి గాలికి దాని పొట్ట ఉబ్బుతుంది, దిగినప్పుడల్లా తగ్గుతుంది. వేలసార్లు అలా ఊపిరి తీస్తే, పైపై గీత లోపలికి దిగుతుంది. ఈ సంగతి లోకానికి తెలిసి, పాత గీతలు వెతకమని మాకూ కాగితాలు వచ్చాయి. “మా దగ్గర చెక్కబద్ద తప్ప వాడలేదు” అన్నారు మామయ్య. ఆయన మాట రాయి మీద రాసినట్టే కదా, ఆ తనిఖీ అక్కర్లేదని కొట్టేశారు. నేను అదే గదిలో నిలబడి ఉన్నాను. ఆ తరవాత నుంచీ ఆ అతుకుల దగ్గర రెండు దెబ్బలు ఎక్కువ తట్టేదాన్ని. తడితే పగులు వినబడదని నాకు తెలుసు. అయినా తట్టేదాన్ని.

ఫోర్‌మన్ పాత రికార్డులు తీసి అద్దాల గదిలో బల్ల మీద పరిచాడు. పంతులూ నేనూ ఎదురుగా నిలబడ్డాం. “ఇదిగో, గీత మేస్త్రి స్టాంపు” అన్నాడు ఫోర్‌మన్. నేర్చుకునేవాళ్లు చేసిన పనికి కూడా మేస్త్రి స్టాంపే పడేది. నా పేరు ఏ కాగితంలోనూ లేదు. “మహానుభావుడు. మన ముందు చెక్కబద్ద, చాటున ఇనుము. ఏమనుకోకు గానీ, నీ మామయ్య మనందరి కొంప ముంచాడు.”

చచ్చినవాడి కళ్లు చేరడేసి అంటారు. మామయ్యకి ఆ భాగ్యం కూడా లేకుండా పోయింది. నా నోరు తెరుచుకోలేదు.

“మరి చిన్నవ్వ?” అన్నాడు పంతులు.

ఫోర్‌మన్ ఇంకో పుస్తకం తిరగేశాడు. “చిన్నవ్వ అతుకులు చేసిన నెలంతా మేస్త్రి సెలవులో ఉన్నారు. స్టాంపు రెండో మేస్త్రిది. ఆయన ఉత్త చాదస్తుడు, ఇనుము ముట్టుకోడు. బతికిపోయాం. సాయంత్రం తిరిగొచ్చాక చూద్దాం, ఇప్పటికి ఎగరనీ.”

చిన్నవ్వ అతుకులు కూడా నేనే చేశాను. ఆ నెల మామయ్య పెట్టె నా దగ్గరే ఉంది, కత్తి కూడా. గోడ మీద గడియారం పది నలభై ఎనిమిది. పదకొండుకి మా అమ్మాయి తలుపు వేస్తుంది.

ఇప్పుడే, ఒక్క మాట, అనుకున్నాను. ఆ ఒక్క మాటతో నా స్టాంపు పోతుంది, పేరు పోతుంది, ఆ రోజు మామయ్య మాట ఇస్తుంటే నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నానని అందరికీ తెలుస్తుంది. చిన్నవ్వ నిన్న కూడా ఎగిరింది, మొన్న కూడా ఎగిరింది, ఈ ఒక్కసారికి ఏమవుతుంది అని కూడా అనుకున్నాను. కన్నతల్లిని. కూతురు అందులో ఉందని తెలిసీ అలా అనుకున్నాను. ఫోర్‌మన్ ఫోనులో పై అధికారికి పెద్దవ్వ సంగతి చెబుతున్నాడు. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను.

నా భుజం పక్కన, అద్దం మీద తట్టారు. రెండు, కాస్త ఆగి ఒకటి.

“ఎవరది?” అన్నాడు ఫోర్‌మన్, ఫోను చెవిన ఉండగానే. అద్దానికి అవతల ఎవరూ లేరు. మళ్లీ తట్టారు, ఈసారి గట్టిగా. అద్దం కదలడం నేను చూశాను. పంతులు కూడా చూశాడు, చూసి నా వైపు తిరిగాడు.

“చిన్నవ్వని ఆపండి. ఆ గీత మామయ్యది కాదు, నాది. దాని మీద కూడా ఉంది” అన్నాను.

ఫోర్‌మన్ నన్ను తిట్టలేదు. ఆ ఫోను పెట్టేసి ఇంకో నంబరు నొక్కాడు. విని, మొహం పాలిపోయి, గడియారం చూశాడు. “ఎక్కాల్సినవాళ్లు ముందే ఎక్కేశారట. పది యాభైకే బయల్దేరింది. గాల్లోకి లేచింది” అన్నాడు. అప్పుడు టైము పది యాభై ఎనిమిది. నోరు మూసుకుని నేను నిలబడింది పది నిమిషాలు.

“పైకెక్కొద్దని చెప్పండి. కిందనే తిరిగి రమ్మనండి. పైకెళ్లేకొద్దీ పొట్ట ఉబ్బుతుంది” అన్నాను. అవతలివాళ్లతో ఆయన అదే మాట చెప్పాడు. ఏ దేవుడికి మొక్కాలో తోచక నేను మామయ్యకి మొక్కాను. ఇరవై ఆరు నిమిషాలకి చిన్నవ్వ దిగింది.

ప్రయాణికుల్ని దించి, దాన్ని లాక్కొచ్చి పెద్దవ్వ పక్కన నిలబెట్టారు. పంతులు రంగు తీయించి మిషను పెట్టాడు. ఈసారి మూడుసార్లు చూడలేదు. “పెద్దవ్వదే నయం. ఇక్కడ మిగిలింది కాగితం మందం” అన్నాడు.

మా అమ్మాయి యూనిఫాంలోనే హ్యాంగరుకి వచ్చింది. వస్తూనే నా చెయ్యి పట్టుకుంది. దాని వేళ్లు చల్లగా ఉన్నాయి.

“మీ ఫోను రాకముందే పైలట్ పైకెక్కడం ఆపేశాడమ్మా” అంది. “నేనే ఆపించాను. లేచిన రెండు నిమిషాలకే రెక్క వెనక వరసలో ఒకావిడ గంట కొట్టి పిలిచింది. గోడలో ఎవరో తడుతున్నారంది. వెళ్లి విన్నాను. అచ్చం నువ్వు తట్టినట్టే ఉంది. భయమేసి పైలట్‌కి చెప్పాను. నువ్వు ఎక్కడో ఉండి నాకేదో చెబుతున్నావనిపించింది.”

ఫోర్‌మన్, పంతులు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

“అది నేను కాదే” అన్నాను.

“పోనీలే. తెలియగానే నువ్వు కూడా ఫోను చేయించావుగా.”

అవునని ఉంటే సరిపోయేది. ఫోర్‌మన్ నోరు విప్పేవాడు కాదు, మంచివాడు. “లేదు” అన్నాను. “తెలిశాక పది నిమిషాలు ఊరుకున్నాను. అసలు సంగతి ఇరవై నాలుగేళ్లుగా తెలుసు.” మొత్తం చెప్పాను. కత్తి గురించీ, మామయ్య మాట గురించీ. వింటూ వింటూ అది నా చెయ్యి వదిలేసింది. విదిలించలేదు. వదిలేసింది.

ఫోర్‌మన్ కుర్చీ లాక్కుని కాగితం తీశాడు. “రెండేళ్లు అన్నావు. మొత్తం ఎన్ని?”

“పదకొండు.” నంబర్లన్నీ వరసగా చెప్పాను. ఒక్కటి కూడా మరిచిపోలేదు. “ఈ రెండు పోగా, అయిదు తుక్కు కింద పోయాయి. నాలుగు అమ్మేశారు.”

మధ్యాహ్నమంతా ఫోన్లు చేశారు. కొన్నవాళ్లు ఇంకెవరికో అమ్మారు, వాళ్లు మరెవరికో అమ్మారు. రంగులు మారాయి, నంబర్లు మారాయి. నాలుగు గంటలకి ఒకదాని జాడ దొరికింది. ఇంజిన్లు తీసేసి ఎక్కడో గడ్డిలో నిలబెట్టారట. మిగిలిన మూడింటి సంగతి చెప్పేవాళ్లు ఎవరూ దొరకలేదు.

మా అమ్మాయి ఇంటికి వెళ్లకుండా నాకు దూరంగా, మెట్ల మీద కూర్చునే ఉంది. సాయంత్రం లేచి వచ్చి, నా మొహం చూడకుండా అడిగింది.

“ఆ మూడూ ఇప్పుడెక్కడున్నాయమ్మా?”

“గాల్లోనే ఉండుంటాయి” అన్నాను.