ఉప్పల్ దాటని ఆడవాళ్ళు

ప్రతి ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు దోర్కా నాచారం బస్టాపులో నిలబడుతుంది. ఏడున్నరకు బీబీనగర్ బస్సు వస్తుంది. ఉప్పల్ చౌరస్తాలో ఆమె దిగి, అక్కడి జిరాక్సు దుకాణంలో సాయంత్రం వరకు పని చేసి, తిరిగి అదే దారిన ఇల్లు చేరుతుంది. ఇటు ఉప్పల్, అటు తార్నాక. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమె చూసిన లోకం అంతే.

దోర్కా ఇంటి ఆడవాళ్ళు ఉప్పల్ దాటలేరని ఆ మార్గంలో తిరిగే కండక్టర్లందరికీ తెలుసు. దోర్కా దిగకుండా కూర్చుంటే బస్సు మెట్రో స్టేషన్ దాటుతుంది, పీర్జాదిగూడ బోర్డు కనిపించేంత వరకు బుద్ధిగానే పోతుంది. ఆ తరువాత డ్రైవరు ఎంత తిన్నగా నడిపినా ఎదురయ్యేది నాచారం సిగ్నలే.

"అక్కా, నీకు దండం బెడ్త, దిగు," అన్నది కండక్టరు సుబ్బులు. "మొన్న నీ పుణ్యాన నలభై మందికి లేటయింది. డిపోల నన్ను నిలవెట్టి అడిగిన్రు."

"ఏం జెప్పినవ్?"

"ఏం జెప్త? దోర్కక్క ఎక్కిందన్న. రాసుకున్నరు."

ఆటోలో పోయినా, కాలినడకన పోయినా అంతే. దోర్కా తల్లి గ్రేస్ ఏనాడో ప్రయత్నం మానుకున్నది. గ్రేస్ అక్క రెబెక్కాకు పీర్జాదిగూడ సంబంధం కుదిరినప్పుడు పెళ్ళికొడుకే మూటాముల్లె సర్దుకొని నాచారం వచ్చి కాపురం పెట్టాడు. ఆ ఇంటి అల్లుళ్ళందరూ అట్లా వచ్చినవారే.

దోర్కా మాత్రం దూరవిద్యలో గ్రంథాలయ శాస్త్రం చదివింది. ఘట్‌కేసర్‌లోని ఒక ఇంజనీరింగ్ కళాశాల ఆమెకు గ్రంథాలయంలో ఉద్యోగం ఇచ్చింది. చేరడానికి ఆమె రెండుసార్లు గడువు అడిగింది. మూడవ ఉత్తరంలో ఇంకొక్క అవకాశమే ఉన్నది: ఈ నెల ముప్పయ్యవ తేదీ ఉదయం పది గంటలలోగా రావలెను, రానిచో మరొకరికి ఇవ్వబడును.

"గా కాయితం దాచిపెట్టు బిడ్డా," అన్నది గ్రేస్, బియ్యం ఏరుతూ. "నేను సుత నర్సు ట్రైనింగు కాయితం దాసుకున్న. ఇంకా పెట్టెలనే ఉన్నది."

తన ఉత్తరం కూడా అదే పెట్టెలో, దాని మీద పడి ఉండడం దోర్కాకు కళ్ళకు కట్టింది.

ఈ కట్టు ఎక్కడ పడిందో ఇంట్లో అందరికీ తెలుసు. గ్రేస్‌కు ముత్తవ్వ అయిన సారలమ్మ ఐదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, కరువు కాలంలో, తల్లి ఆమెను నాచారంలో చుట్టాల గడప మీద కూర్చోబెట్టి, "పోయొస్త బిడ్డా, నేనొచ్చేదాంక ఈడికెల్లి కదలకు," అని చెప్పి వెళ్ళింది. రాలేదు. సారలమ్మ కదలలేదు, ఆమె కడుపున పుట్టిన ఆడపిల్లలూ కదలలేదు. పెద్దయ్యాక సారలమ్మ బాప్తిస్మం తీసుకున్నప్పుడు, చర్చి రిజిస్టరులో తల్లి పేరు ఉండవలసిన చోట పాదిరి ఇట్లా రాశాడు: "ఓడ ఎక్కి పోయినది." పేరు పిల్లకు తెలియదు. తల్లిని ఆ పిల్ల అవ్వ అని పిలిచేది, అంతే.

ఆ ఒక్క వాక్యం పట్టుకొని దోర్కా ఆరు నెలలుగా శ్యామలాదేవి ఇంటి మెట్లు ఎక్కుతున్నది. కాకినాడలో పుట్టి నాచారంలో స్థిరపడిన శ్యామలాదేవి ముప్పై ఏళ్ళు తెలుగు పండితురాలిగా పని చేసి పదవీ విరమణ చేశారు. రంగూన్ వెళ్ళిపోయిన తన పెదతాతను వెదకడంతో మొదలుపెట్టి, ఇప్పుడు అడిగిన వారందరి పూర్వీకులనూ వెదికిపెడుతున్నారు. ఆమె గదిలో దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, మారిషస్‌కు, మలయాకు తోటకూలీలను తీసుకుపోయిన ఓడల జాబితాల ప్రతులు గోడ ఎత్తున ఉండేవి. ప్రతి పుటలో కూలి సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు. కంప్యూటరులో కొన్ని దొరుకుతున్నా, ఆమె కాగితాన్నే నమ్మేవారు.

ఆ శనివారం దోర్కా పాత పుటలను తిరగేస్తూ, ఎర్ర సిరాతో కొట్టివేసిన ఒక వరుస దగ్గర ఆగింది.

"టీచరమ్మా, గిది నాచారమే గదా? ఎందుకు కొట్టేసిన్రు?"

శ్యామలాదేవి కళ్ళజోడు సవరించుకున్నారు. "నటాల్ ఓడ. ఊరు నాచారం, నైజాం రాజ్యం. వయస్సు ఇరవై నాలుగు. స్త్రీ అని రాసి ఉంది. కాని పేరు చూడు: యెందయ్యా. అయ్య శబ్దం చివరనున్నది పుంలింగం. స్త్రీకి ఆ పేరు ఉండదు. పురుషుణ్ణి పట్టుకొని స్త్రీ అని రాశాడు, ఆ గుమాస్తాకు బుద్ధి లేదు."

"తండ్రి పేరు?"

"మల్లెందయ్యా. మల్లయ్య వంటిదే ఏదో అయి ఉంటుంది."

దోర్కా ఆ రెండు పేర్లనూ పైకి చదివింది. మరొకసారి చదివింది. మూడవసారి నవ్వు ఆపుకోలేక పుటను మొహానికి అడ్డం పెట్టుకున్నది.

"ఏమిటమ్మాయీ ఆ నవ్వు?"

"టీచరమ్మా, ఇవి పేర్లు గావు. గా రాసినాయన మద్రాసు మనిషి. అరవంల పేరేందని అడిగిండు. ఆమెకు సమజ్ గాలె. 'ఏందయ్యా?' అన్నది. ఆయన రాసుకున్నడు."

శ్యామలాదేవి పుటను తన వైపు లాక్కున్నారు.

"ఇంకోసారి అడిగిండు, నాయిన పేరు. ఆమె మల్ల 'మల్లేందయ్యా?' అన్నది. గది సుత రాసుకున్నడు."

పండితురాలు ఆ రెండు మాటలనూ తానూ పైకి చదివి చూశారు. "నేను 'ఏమిటండీ' అనే మనిషిని," అన్నారు. "నాకెట్లా వినిపిస్తుంది?" ఆ తరువాత తెల్ల సిరా సీసా తెచ్చి, అక్షరాలకు అంటకుండా, తాను గీసిన ఎర్రగీతను తన చేతులతోనే కప్పివేశారు.

ఓడ జాబితాలో పడిన పేరే అక్కడ పిల్లలకు ఇంటిపేరయ్యేది; అటువంటి ఇంటిపేరు ప్రపంచంలో ఒక్క కుటుంబానికే ఉంటుంది. నటాల్ రేవుపట్టణమైన డర్బన్‌లోని వంశచరిత్ర సంఘానికి శ్యామలాదేవి ఉత్తరం రాసిన నాలుగవ రోజున జవాబు వచ్చింది. ఉమ యెందయా, విశ్రాంత నర్సు, అరవై ఆరు ఏళ్ళు. ఇరవై ఎనిమిదవ తేదీ మధ్యాహ్నం గ్రేస్, దోర్కా, శ్యామలాదేవి ఒకే ఫోను ముందు కూర్చున్నారు. ఉమకు తెలుగు రాదు. చెరకు తోటలో పని చేసిన తమ పెద్దామె ప్రతి ఆదివారం రేవుకు నడిచిపోయేదని, సమాధి మీద కూడా యెందయా అనే ఉన్నదని, ఆమె అసలు పేరు తమకూ తెలియదని ఇంగ్లీషులో చెప్పింది. బస్సుల సంగతి విని ఆశ్చర్యపోలేదు. తానేం చేయాలని మాత్రం అడిగింది.

"పోయొస్త అని పోయినామె వొచ్చినట్టు ఒక్క మాట జెప్పాలె," అన్నది దోర్కా.

శ్యామలాదేవి గొంతు సవరించుకొని, అక్షరం అక్షరం విడదీసి నేర్పారు. ఉమ శ్రద్ధగా పలికింది: "వచ్చాను."

మరునాడు ఉదయం బస్సు పీర్జాదిగూడ బోర్డు చూసింది, నాచారం సిగ్నల్ దగ్గర ఆగింది.

"అక్కా, నేను ట్రాన్స్‌ఫర్ బెట్టుకుంట," అన్నది సుబ్బులు.

దోర్కా తల్లిని వెంటబెట్టుకొని శ్యామలాదేవి ఇంటికి వెళ్ళింది. "టీచరమ్మా, వచ్చాను అంటే గడప మీద కూసున్న గా పిల్లకెట్ల తెలుస్తది? వాళ్ళవ్వ గట్ల మాట్లాడదు. 'వచ్చిన' అనాలె."

"అది అసంపూర్ణమమ్మా!" అన్నారు శ్యామలాదేవి బాధగా. "వచ్చిన మనిషి, వచ్చిన బండి. దాని వెనుక ఒక నామవాచకం లేనిదే అర్థం పూర్తి కాదు."

"మా ఇంట్ల పూర్తయితది."

శ్యామలాదేవి ఫోను తీసి డర్బన్ నంబరు కలిపి, దోర్కా చేతికి ఇచ్చారు. ఈసారి దోర్కా నేర్పింది. గ్రేస్ పక్కనే నిలబడి ఉన్నది. ఉమ గొంతు తడబడుతూ, ఒత్తులు సగం మింగుతూ పలికింది:

"వొచ్చిన బిడా."

అరవై దగ్గర పడుతున్న గ్రేస్ ఫోను లాక్కున్నది. "గింతసేపా?" అని కోపంగా అడిగి, ఎవరి వైపూ చూడకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. అవతల ఉమకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అయినా క్షమాపణ చెప్పింది.

ముప్పయ్యవ తేదీన దోర్కా ఉప్పల్‌లో దిగలేదు. ఆమెను చూసి ఒక పెద్దమనిషి ఫోను తీశాడు: "సార్, దోర్కక్క మా బస్సులనే ఉన్నది. గంట లేటయితది." సుబ్బులు కళ్ళు మూసుకొని కడ్డీ పట్టుకున్నది. పీర్జాదిగూడ బోర్డు వచ్చింది. బోర్డు వెనుకపడింది. కొత్త అపార్టుమెంట్లు వచ్చాయి, సిమెంటు లారీలు వచ్చాయి, దోర్కా ఏనాడూ చూడని పేర్ల స్టాపులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పెద్దమనిషి మళ్ళీ ఫోను చేసి, లేటు కాదులే సార్ అన్నాడు. కిటికీ చువ్వలు పట్టుకొని దోర్కా ప్రతి బోర్డునూ పెదవులతో చదువుతూ పోయింది.

"అక్కా!" అని సుబ్బులు కేక వేసింది. "ఘట్‌కేసర్ పోయింది గదనే! దిగవైతివి?"

దిగవలసిన చోట దిగాలని ఆమెకు తోచనేలేదు. ఇన్నేళ్ళూ ఉప్పల్ దాటిన ప్రతిసారీ బస్సే ఆమెను తెచ్చి నాచారంలో దించేది. డ్రైవరు నవ్వుతూ ఆపాడు. దోర్కా వరంగల్ రోడ్డు మీద దిగింది. తొమ్మిదింబావు అయింది. రోడ్డు రెండు వైపులా ఒకే తీరుగా, ఎంత దూరమైనా పోయేటట్లు ఉన్నది. ఏ వైపు అడుగు వేసినా అడుగు అటే పడుతున్నది, నాచారానికి మళ్ళడం లేదు.

పుచ్చకాయలు అమ్ముతున్న ఒక ముసలామె దగ్గరకు వెళ్ళి, పుట్టి బుద్ధెరిగిన తరువాత మొదటిసారి, ఆమె ఒకరిని దారి అడిగింది.