గానుగ సున్నం

ఆ ఊరి వేణుగోపాలస్వామి గుడి గోడ నూరేళ్ళుగా బీటలివ్వకపోవడానికి కారణం ఒక్కటేనని ఇటు చీపురుపల్లి దాకా అందరూ నమ్ముతారు: ఆ కట్టుబడిలో ఏ ఆడదాని చెయ్యీ పడలేదు. మగవాళ్ళు నలభై రోజులు దీక్షలో ఉండి కట్టారట. అందుకే ఆడవాళ్ళు ఈనాటికీ మండపంలోకి రాకుండా, బయట రేకుల పంచలో నిలబడి దణ్ణం పెట్టుకుంటారు.

రెండువేల పదహారు వేసవిలో ఆ గుడిని విస్తరించడానికి కమిటీ వేశారు. అధ్యక్షుడు గణపతిరావు. సమావేశాలు ఆయన ఇంటి వసారాలోనే జరిగేవి. ఆయన భార్య భారతి ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైంది. ఆ సమావేశాల్లో ఆమెకు ఒకటే పని, టీలు అందించి గ్లాసులు కడగడం. ఒకరోజు పళ్ళెం కింద పెడుతూ ఆమె అడిగింది.

"కొత్త మండపం పెద్దదే కదా బావా. ఆడోళ్ళకి కూడా లోపల సోటుంచండి."

కమిటీ సభ్యుడు నరసింగరావు నవ్వాడు. "ఏటి టీచరమ్మా, సైన్సు పాఠం గుడిక్కూడానా? రేపు గోడ బీటలిస్తే నువ్వొచ్చి కడతావేటి?"

"నీకెందుకే ఇయ్యన్నీ?" అన్నాడు గణపతిరావు. "పంచదార సరిపోనేదు, సూడు."

ఆమె లోపలికి వెళ్ళి పంచదార తెచ్చింది. వాళ్ళ నవ్వుకన్నా, తాను మారుమాట లేకుండా పంచదార తేవడమే ఆమెను ఎక్కువగా బాధించింది.

గ్లాసులు కడుగుతుంటే జగ్గమ్మ మామ్మ గుర్తొచ్చింది. భారతి మేనబావనే చేసుకోవడంతో జగ్గమ్మ మొగుడూ పెళ్ళాలిద్దరికీ మామ్మే. సాయంకాలం వేళ పెరటి గట్టు మీద చింతపండు పిక్కలు తీస్తూ, చుట్టూ చేరిన పిల్లలకు చెప్పేది: "ఆ గుడికి సున్నం మెదిపింది మేవేనే. ఎడ్లు గానుగ తిప్పుతుంటే ఎనకాలే నడిసి, కరక్కాయ నీళ్ళు పోసి, సేత్తో మెదిపీవోళ్ళం. సేతి గాజు పగిల్తే నేలమీద ఎయ్యనిచ్చీవోళ్ళు కాదు, కాళ్ళకి గుచ్చుకుంటాదని. ఆ ముక్కలు సున్నంలోనే కలిపీసీవోళ్ళం." అరుగుమీది మగవాళ్ళు "ముసిల్దానికి మతి పోనాది" అని నవ్వేవారు. మామ్మ పట్టించుకునేది కాదు. చింతపండు వాసన, కోళ్ళు గూటికి చేరే చప్పుడు, మామ్మ గొంతు, ఈ మూడూ కలిస్తేనే భారతికి తన చిన్నతనం. తొమ్మిదో తరగతిలో, అప్పుడే సైన్సు మోజులో పడిన భారతి కూడా ఒకసారి అడిగింది: "రుజువేటి మామ్మా?" మామ్మ తన అరచేతుల వైపు చూసుకుంది. సున్నం కొరికేసిన ఆ వేళ్ళు గీతలు లేక నున్నగా ఉండేవి. మళ్ళీ చింతపండు అందుకుంది. ఆ తరవాత ఆ కథ ఎన్నడూ చెప్పలేదు. ఎందరో పిల్లలకు రుజువు అడగడం నేర్పిన భారతి, ఆ ఒక్క ప్రశ్ననే వెనక్కి తీసుకోవాలనుకునేది.

కొత్త మండపానికి దారి కోసం గోడ కొట్టే రోజు వచ్చింది. మేస్త్రీ కూర్మయ్య గునపం వేస్తుంటే కమిటీ అంతా మండపంలో నిలబడింది. టీ ఫ్లాస్కుతో భారతి, పక్కన పొరుగింటి లక్ష్మణమ్మ రేకుల పంచలో ఆగారు. కాసేపటికి గునపం చప్పుడు ఆగిపోయింది.

"బాబూ, ఇదేటి? సున్నంలో గాజుముక్కలున్నాయి!"

"ఎవులో తరవాత ఏసుంటారు," అన్నాడు నరసింగరావు.

"రెండు మూరల మందం గోడండి. నడిమజ్జిలోకి తరవాతెలాగేస్తారు?"

భారతి ఫ్లాస్కు పంచలోనే దింపి మండపం గడప దాటింది.

"ఒసే, ఆగు!" అన్నాడు గణపతిరావు.

ఆమె ఆగలేదు. కూర్మయ్య చేతిలోంచి ఆ సున్నపు గడ్డను అందుకుని, మండపం మధ్యన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. లక్ష్మణమ్మ పంచలోంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"టీ పంచలో ఉంది బావా," అంది భారతి. "మీరే పోసుకోండి."

తరవాత ఆ గడ్డను వెలుతురుకు తిప్పింది. అది గోడ నడిమధ్యలోంచి వచ్చిన గానుగ సున్నం. అందులో ఆకుపచ్చవి రెండు, ఎర్రది ఒకటి, మూడు గాజుముక్కలున్నాయి.