మంచానికి తగలని పాట

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో శౌరయ్య, మరియరాణి దంపతులు ఉండేది పొట్టి స్తంభాల మీద లేపి కట్టిన పాత చెక్క ఇల్లు. మరియరాణి ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సు. తెల్లవారాక వచ్చి పడుకునేది. సరిగ్గా ఆ వేళకే శౌరయ్య ముందుగదిలో పాటల క్యాసెట్ పెట్టుకుని ప్రార్థన చేసేవాడు. ఆయనకు ఒక చెవి మందం, సౌండు తగ్గిస్తే మాటలు అందవు.

ఇండియాకి వెళ్లిపోతూ, తెలిసిన డాక్టర్ ద్వారకానాథ్ తన పెద్ద స్పీకర్లు రెండూ ఆయనకిచ్చి పోయాడు. దేవుడి పేరు పలికే పెట్టెల్ని నలుగురూ తొక్కే కార్పెట్ మీద పెట్టడానికి శౌరయ్యకు మనసొప్పలేదు. మడత దుప్పట్లు పరిచి పెట్టాడు. పెట్టెలు ఊగాయి, తబలా మోత మాటల్ని మింగేసింది. షాపులో చెప్పారని అడుగున మేకులున్న స్టాండ్లు తెచ్చాడు. మేకులు కార్పెట్‌లోంచి దిగి కింద చెక్కకు ఆనాయి. ఇక ప్రతి మాటా విడిగా వినబడసాగింది. ఆయన పొంగిపోయాడు.

కొన్నాళ్లకు మరియరాణి కళ్ల కింద నలుపు కనిపించింది. అడిగితే తలనొప్పి అంది. ఒక పొద్దున పాట నడుస్తుండగా ఆమెకు దుప్పటి కప్పబోయి మంచం పట్టె మీద చెయ్యి వేశాడు. తబలా దెబ్బదెబ్బకీ మంచం అదురుతోంది. ఆమె కళ్లు మూసుకుని ఉందే గాని నిద్రపోవడం లేదు. రాత్రంతా రోగులకు సేవ చేసి వచ్చిన మనిషి నిద్ర పాడుచేసి చేసే స్తుతి దేవుడికి చేరుతుందా? శౌరయ్య వెళ్లి క్యాసెట్ ఆపేశాడు.

ఆదివారం భోజనానికి వచ్చిన ముఖ్తార్‌కి సంగతి చెప్పాడు. హైదరాబాద్ మనిషి, యూనివర్సిటీలో ల్యాబ్ పని.

"మేకులేస్తే స్పీకర్ కదలదు, కరెక్టే. కానీ దాని అదురంతా ఫ్లోర్‌లోకి పోతది శౌరయ్య గారూ. మీది చెక్క ఫ్లోరాయె, బెడ్‌రూమ్‌కి సీదా రోడ్డేసినట్టే."

"మరి దుప్పట్లేస్తే ఊగిపోయాయి కదా భాయ్?"

"మెత్తన ఒక్కటే సరిపోదు, పైన బరువు కూడా ఉండాలె."

ముఖ్తార్ కారులోంచి తన స్క్వాష్ ఆట రబ్బరు బంతులు తెచ్చి సగానికి కోసేశాడు. ఇట్లనన్నా ఆట బంద్ అయితే భార్య లతీఫా ఖుషీ అయితదని నవ్వాడు. పెరట్లో నడకదారికి వేయగా మిగిలిన సిమెంటు పలకలు తెద్దామంటే, శౌరయ్య వాటిని సబ్బుతో కడిగి, ఆరేదాకా లోపలికి తేనివ్వలేదు. ముఖ్తార్ విసుక్కోకుండా కూర్చున్నాడు. మేకుల స్టాండ్లు తీసేసి, కార్పెట్ మీద బంతి ముక్కలు బోర్లించి, వాటి మీద పలకలు, పలకల మీద స్పీకర్లు దించారు.

మర్నాడు పొద్దున ఎప్పటి సౌండుతోనే పాట పెట్టి శౌరయ్య మెల్లిగా వెళ్లి మంచం పట్టె ముట్టుకున్నాడు. తబలా చెవికి తెలుస్తోంది, చేతికి తెలియడం లేదు. మరియరాణి చిన్నగా గురక పెడుతోంది. ప్రార్థన సగంలో ఉందన్న సంగతే మరిచి ఆయన అక్కడే నిలబడిపోయాడు.

మధ్యాహ్నం లేచి ఆమె అడిగింది.

"ఏవండీ, ఇవాళ ప్రార్థన మానేశారా?"

"మానలేదు రాణీ. నీ మంచం దాకా రాకుండా చేశాం."



"చెబితే మొత్తానికే ఆపేస్తారని ఊరుకున్నాను," అంది.

ఆ సాయంత్రం శౌరయ్య స్తోత్రాల్లో ముఖ్తార్ పేరూ లతీఫా పేరూ చెప్పాడు. రబ్బరు బంతుల సంగతి దేవుడితో చెప్పొచ్చో లేదో కాస్త ఆలోచించి, అదీ చెప్పాడు. పక్కన మోకరించిన మరియరాణి ఆమెన్ అంది.